కంప్యూటర్ మూత అప్పుడే బిగించకు

అమ్మడూ,

నిన్ను లేపబుద్ధి కాలేదు, ఆఫీసుకి వెళ్తున్నాను. వంట చేసి మూతపెట్టాను, వేడి చేసుకుని తిను. కంప్యూటర్ స్క్రూలు కిటికీ గట్టు మీద వదిలేశావు, ఏరి అగ్గిపెట్టెలో వేశాను. నా పౌడర్ బ్రష్‌తో దాని దుమ్ము దులిపావు చూడు, ఇక ఆ బ్రష్ దానికే ఉంచు. నాకు కొత్తది నువ్వే కొనిపెట్టాలి.

పాత కంప్యూటర్ అమ్మిన షాపువాడు ఎనిమిది జీబీ మెమరీ అన్నాడు, తెర మీద నాలుగే చూపిస్తోంది, నిలువునా ముంచాడని నిన్నంతా మీ అన్నయ్య ఒకటే చిందులు. నువ్వేమో మూత విప్పి, టార్చి వేసి, లోపలి ముక్కల మీది అంకెలు చదివావు. నాలుగేసి జీబీలవి రెండున్నాయి, ఒకటి సరిగ్గా కూర్చోలేదన్నావు. దాని అంచు నల్లబడిందని రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా నొక్కావు. తెర మీద ఎనిమిది కనపడగానే ఈల వెయ్యాలనిపించింది నాకు.

“ముట్టుకోకు, ఉన్నది కూడా పోతుంది” అని నీ మీద అరిచిన మనిషి, ఇందాక పక్కింటాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, “మా చెల్లెలు కనిపెట్టింది” అని చూపించాడు. నీతో మాత్రం అనడులే.

వదిన

అన్నట్టు, మూత అప్పుడే బిగించకు. నిన్న మీ అన్నయ్య అడ్డంగా నిలబడి నన్ను చూడనివ్వలేదు. ఇన్నేళ్ళుగా రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటున్నాను గానీ, లోపల ఏముంటుందో నాకెవరూ చూపించలేదు. సాయంత్రం పెందలాడే వస్తాను. ఏది ఏమిటో వేలు పెట్టి చెప్పు.