ఓడకు బయానా

చిలుకూరు,
సోమవారం.

సూర్యాపేట ట్రావెల్స్ ఆఫీసుల కూసుండే సౌమ్య బిడ్డకు, చిలుకూరు నుంచి రంగనాయకమ్మ దీవించి రాయునది. ఇక్కడ మోకాళ్లు తప్ప అంత బాగానే ఉన్నది. నువ్వు బాగుండాలె.

ఫోన్ చెయ్యక ఉత్తరం రాస్తున్నదేందని అనుకోకు. ఫోన్ల నాకు సగం మాటే ఇనొస్తది. మిగిలిన సగం నేనే భయపడి కల్పించుకుంట. అందుకే మా వెంకన్నతోని పంపుతున్న. ఆయన రోజు సూర్యాపేట మార్కెట్‌కు డీసీఎం బండి తోలుకపోతడు. జవాబు ఆయన చేతికే ఇయ్యి.

మిర్యాలగూడల ఉండే మా చెల్లె రుక్మిణి మీ దగ్గర మా ఇద్దరికీ ఓడ టికెట్లు తీసింది గద. చెన్నైల ఎక్కి, సముద్రంల తిరిగి, మళ్ల చెన్నైలనే దిగుడు. పాపం అది సముద్రం ఎన్నడూ చూడలేదట. "అక్కా, నువ్వు తోడు రాకుంటే నేను ఎక్క. చూడకుండనే పోత" అన్నది. అంత మాట అన్నంక కాదంటనా. నాకైతే సముద్రంతోని పనేమున్నది. మా వంటింట్ల బియ్యం డ్రమ్ము మీద సముద్రం బొమ్మ క్యాలెండర్ ఉన్నది, నాకు అది చాలు. పాతదే, అయినా తియ్యలేదు. ఎనుక గోడకు పెచ్చు ఊడింది, అందుకు.

ఇగ అసలు సంగతి. పక్కింటి పిల్ల దీవెన ఫోన్ల చూసి చెప్పింది, ఓడ మీద నోట్లు నడువయట. ఒక కార్డు ఇస్తరట. ఫోటో దిగినా, సోడా తాగినా ఆ కార్డే గీకుతరట. దాంట్ల పైసలు ఎక్కకముందే కట్టుకోవచ్చట, లేకుంటే దిగేటప్పుడు కట్టొచ్చట. ఏది మంచిది? దిగేటప్పుడు అయితే, చేతుల పైసలు తక్కువ పడితే దిగనియ్యకుండ ఉల్లిగడ్డలు కోయిస్తరా? నేను కోస్త, నాకు అలవాటే. రుక్మిణికి కండ్ల ఆపరేషన్ అయింది, అది కొయ్యలేదు.

నీ జవాబు కోసం వాకిట్ల కూసున్న,
రంగనాయకమ్మ

మరిచిన మాట: ఓడ మునిగితే కార్డుల మిగిలిన పైసలు ఎవరికిస్తరు?

సూర్యాపేట,
మంగళవారం.

గౌరవనీయులైన రంగనాయకమ్మ గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందినది. 'నీలవేణి' ఓడలో గది, టిఫిను, భోజనం అన్నీ టికెట్టులోనే కలిసి ఉన్నవి. ఫోటోలు, సోడాలు, ఒళ్లు పట్టించుకోవడం వంటి వాటికి మాత్రమే ఆ కార్డు. కొందరు ముందుగా కడతారు, ఖర్చు కానిది దిగేటప్పుడు తిరిగి ఇచ్చేస్తారు. కొందరు ఆఖరున కడతారు. మీరు మాత్రం ఏమీ కట్టనవసరం లేదు. ముందూ వద్దు, ఆఖరునా వద్దు. నిశ్చింతగా ఉండండి. ఉల్లిగడ్డలు కోయించరు.

ఇట్లు మీ విధేయురాలు,
సౌమ్య

తా.క. ఓడ మునగదు. మా మేనేజర్ గారిని కూడా అడిగాను.

చిలుకూరు,
బుధవారం.

బిడ్డ సౌమ్యకు రంగనాయకమ్మ ఆశీస్సులు.

నువ్వు నిశ్చింతగ ఉండమన్నవు గద, రాత్రంత కన్ను మూతపడలేదు.

నా పుట్టుకల పైసలొద్దన్న దుకాణం చూడలేదు. మేము బర్రెను కొన్నా, బోరు ఏపిచ్చినా ముందుగాల బయానా ఇచ్చినం. బయానా తీసుకున్నడంటే సామాను మనదైనట్టే, ఇగ వాడు మాట తప్పడు. మా ఆయన ఉన్నప్పుడు తిరుమలగిరి అంగట్ల ఎడ్ల జత ఖరారు చేసుకున్నడు. "మన మధ్య బయానా ఎందుకు పటేలా" అన్నడు ఆ అమ్మేటాయన. తెల్లారి పోయి చూస్తే ఎడ్లు వేరేటోళ్ల కొట్టంల గడ్డి మేస్తున్నయి.

నిజం చెప్పు బిడ్డా. అసలు ఓడ ఉన్నదా? మా గది ఇంకెవరికన్న ఇచ్చిన్రా? ఓడకు బొక్క గిట్ల పడితే ఇప్పుడే చెప్పు, నేను ఎవరికీ చెప్ప.

ఈ ఉత్తరంతోని ఎర్ర గుడ్డల మూట కట్టి పైసలు పంపుతున్న. నా పేరు మీద ఓడకు కట్టి రసీదు ఇయ్యి. బయానా తీసుకున్న ఓడ మనల్ని ఒడ్డున విడిచిపెట్టి పోదు. నాకు అదొక్కటే ధైర్యం.

ఇట్లు పరేషాన్ల ఉన్న,
రంగనాయకమ్మ

మరిచిన మాట: నిన్న పట్టపగలు మీ షట్టర్ సగం దించి ఉన్నదని వెంకన్న చెప్పిండు. పారిపోయేటోళ్లు ఒక్కసారే మొత్తం దించరు, ముందు సగమే దించుతరు.

సూర్యాపేట,
గురువారం.

పూజ్యులైన రంగనాయకమ్మ గారికి,

మా ఆఫీసు పడమటి ముఖం. ఎండ పడుతుందని షట్టర్ సగం దించుతాం. ఓడ ఉంది. మీ గది మీదే. బొక్క లేదు.

మీ మూట ముడి విప్పకుండా వెంకన్న గారి చేతికే తిరిగి ఇస్తున్నాను. ఎందుకు తీసుకోవడం లేదో మాత్రం చెప్పలేను. ఒకరికి మాట ఇచ్చాను. దయచేసి ఇంకేమీ అడగకండి.

మీ మేలు కోరే,
సౌమ్య

తా.క. మూటలో పసుపు కొమ్ము కూడా చేతికి తగిలింది. అదీ తిరిగి వస్తోంది.

చిలుకూరు,
శుక్రవారం.

సౌమ్యకు,

పసుపు కొమ్ము తిప్పి పంపిన మనిషిని నిన్నే చూస్తున్న. అయినా నువ్వు చల్లగుండాలె.

ఎవరికి మాట ఇచ్చినవు? ఇంత దాసేటిది ఏమున్నదని పొద్దంత ఆలోచన చేసిన. ఇప్పుడు అర్థమైంది. "చూడకుండనే పోత" అన్నది మా రుక్మిణి. దవాఖానల దానికి ఏందో చెప్పిన్రు. ఇది దాని ఆఖరు కోరిక. నీతోని ఒట్టు పెట్టించుకున్నది. ఇందాక ఫోన్ చేసి "ఒంట్ల ఎట్లున్నదే" అని అడిగితే పకపక నవ్వింది. ఒంట్ల బాగున్నోళ్లు గిట్ల నవ్వరు.

జబ్బు మనిషిని నడి సముద్రంల పెట్టుకొని నేనేం చెయ్యాలె? శనివారం దాక చూస్త. ఉన్నది ఉన్నట్టు చెప్పకుంటే నా టికెట్ రద్దు చెయ్యి. మోకాళ్లని చెప్త. నేను లేకుండ అది ఎక్కదు. దాని కండ్లకు సముద్రం చూపియ్యని పాపం నీకూ నాకూ సగం సగం.

ఏడ్చుకుంట రాసే,
రంగనాయకమ్మ

మరిచిన మాట: రద్దు చేస్తే ఎంత కోసుకుంటరు? ఊరికె అడుగుతున్న.

సూర్యాపేట,
శనివారం పొద్దున.

పెద్దమ్మా,

ఆఫీసు భాష పక్కన పెట్టి రాస్తున్న. రద్దు చెయ్యకు. రుక్మిణమ్మకు ఏ జబ్బూ లేదు. టికెట్లకని ఈ మధ్యనే మిర్యాలగూడ నుంచి వచ్చింది. మా మేడకు లిఫ్ట్ లేదని మేనేజర్‌ను తిట్టుకుంట మెట్లన్నీ ఎక్కింది, దిగేటప్పుడు ఇంకోసారి తిట్టింది.

ఇగ ఇను. నీ పేరు మీద ఓడకు బయానా ముట్టింది. ఓడోళ్లు తీసుకున్నరు. ఎవరు కట్టిన్రో నేను చెప్ప, నువ్వు అడగకు. ఓడ నిన్ను విడిచి పోదు. నువ్వు ఎక్కకపోతే మాత్రం మాట తప్పినదానివి నువ్వే అయితవు.

నీ కాళ్లకు దండం పెట్టే,
సౌమ్య

తా.క. నేను కూడా ఎన్నడూ ఓడ ఎక్కలేదు. మేనేజర్ గారు కూడా. ఆయన మునగదని గట్టిగనే చెప్పిండు గానీ.

చిలుకూరు,
శనివారం సాయంత్రం.

నా బంగారు బిడ్డ సౌమ్యకు,

బయానా ముట్టిందన్న మాట చదవంగనే అన్నం సయించింది. ముందే ఆ ముక్క రాస్తే ఇంత లొల్లి ఉండకపోవు.

కట్టింది ఎవరో చెప్పనన్నవు. చెప్పనోళ్లే కట్టినోళ్లు, నాకు తెల్వదా. నీకు వచ్చే జీతమెంత, నా ఖర్చు నువ్వు కట్టుడేంది బిడ్డా. పైసలు పంపితే తిప్పి పంపుతవు. అందుకని కోడిని పంపుతున్న. దానికి ముడి లేదు.

నీ పెద్దమ్మ,
రంగనాయకమ్మ

మరిచిన మాట: అది కుర్చీల కింద గుడ్డు పెడ్తది. కొట్టొద్దు.

సూర్యాపేట,
సోమవారం.

పెద్దమ్మా,

కట్టింది నేను కాదు. ఒట్టు. క్షేమంగ పోయి రా.

నీ బిడ్డ,
సౌమ్య

తా.క. కోడి మేనేజర్ గారి కుర్చీ కింద గుడ్డు పెట్టి దాని మీదనే కూసున్నది. దగ్గరకు పోతే పొడుస్తున్నది. సారు నిలబడి పని చేసుకుంటున్నడు.

చిలుకూరు,
ఓడ దిగి వచ్చిన తెల్లారి.

బిడ్డ సౌమ్యకు, భూమి మీద నిలబడి రంగనాయకమ్మ సంతోషంగ రాయునది.

ఓడ మునగలేదు. మీ మేనేజర్‌కు చెప్పు, పాపం ఆయనకు కూడ నిమ్మళమైతది.

ఎక్కంగనే ఒక బల్ల దగ్గర కార్డులు ఇచ్చిన్రు. గాడ గుంటూరు పిల్ల ఒకతి ఉన్నది. "నాకు బయానా కట్టింది సూర్యాపేట సౌమ్యనా" అని అడిగిన. ఆ పిల్ల కంప్యూటర్ చూసి "కాదండి, ఇద్దరికీ కట్టింది రుక్మిణి గారే" అన్నది. ఎనుకకు తిరిగి చూస్తే మా చెల్లె ఓడ పైకప్పు చూస్తున్నది.

"చెప్తే నీ సొమ్మేం పోయిందే?"

"చెప్తే ఎంత మిగిలిందో గుటక గుటకకూ అడుగుతవు. సోడా గొంతు దిగదు. అందుకే సౌమ్యతోని ఒట్టు పెట్టిచ్చిన."

నిజమే, అడుగుదును.

మర్నాడు తెల్లారంగనే నేను బయటికొచ్చి ఓడ అంచున కమ్మి పట్టుకొని నిలబడ్డ. ఏం చెప్పాలె బిడ్డా. క్యాలెండర్ల సముద్రానికి అంచు ఉంటది. దీనికి లేదు. నీళ్లు, ఆ నీళ్ల ఎనుక మళ్ల నీళ్లు. మోకాళ్లున్నయన్న సంగతే మరిచిన.

రుక్మిణి ఎంతసేపటికీ రాదాయె. పోయి చూస్తే ముక్కు కాడ నిమ్మకాయ పెట్టుకొని మంచంల పన్నది.

"లెవ్వే, సముద్రం చూడాలని ఏడ్చినవు గద."

"నేను బందర్ల చూసిన, విశాఖల చూసిన, రామేశ్వరంల కాళ్లు కడుక్కున్న. ఆ నీళ్లు చూస్తెనే నాకు కడుపుల తిప్పుతది. తలుపు దగ్గరికెయ్యి."

"మరి ఎన్నడూ చూడలేదంటివి?"

"నీకు చూడాలని ఉన్నదని నేనంటే నువ్వు ఎక్కుదువా అక్కా?"

నాకేం సముద్రం అని అనబోయిన. అంతల అదే అన్నది, "మీ వంటింట్ల ఆ క్యాలెండర్ లేపి చూసిన. గోడకు పెచ్చూ ఊడలేదు, గిచ్చూ ఊడలేదు."

తలుపు దగ్గరికేసి, మళ్ల పోయి కమ్మి పట్టుకున్న.

కార్డుల పైసలు దానికి నిమ్మసోడాలకు, ఇద్దరి ఫోటోకు ఖర్చయినయి. మిగిలినయి దిగేటప్పుడు తిరిగి ఇచ్చిన్రు. ఫోటోల నేను నవ్వుతున్న, అది కండ్లు మూసుకున్నది.

ఇప్పుడు నీతోని పని పడ్డది. దాని బీరువల ఒక ఉన్ని స్వెటరు, మంకీ టోపీ ఉన్నయి. మిర్యాలగూడ ఎండల ఇవెందుకే అంటే, చవకగ వచ్చినయి అంటది. కొని ఏండ్లయింది, ఎవరికీ ఇయ్యదు. యాడాదికోసారి ఎండకేసి మళ్ల మడత పెడ్తది.

ఎర్ర మూట మళ్ల పంపుతున్న. ఈసారి ముడి విప్పు. మంచు కొండలకు రెండు టికెట్లు చూడు. రంగనాయకమ్మకు మంచు చూడాలని మస్తు కోరిక, తోడు లేక ఆగిందని రుక్మిణికి చెప్పు. గాడ పెట్టుకునే ఖర్చు ముందే దాని పేరు మీద కట్టెయ్యి. అది వచ్చి అడిగితే, ఏమీ కట్టనవసరం లేదని చెప్పు. నీకు అలవాటే గద.

నీ పెద్దమ్మ,
రంగనాయకమ్మ

మరిచిన మాట: మంచు ఎక్కువ పడితే కొండ జారుతదా? మేనేజర్‌కు కుర్చీ దొరికినంక, కూసోబెట్టి అడిగి రాయి.