తలుపు మీద సుద్ద గుర్తు

వరంగల్,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు ప్రియాంక వందనాలు. దేవుని దయవల్ల నేనూ నీ అల్లుడు ప్రవీణూ బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు గానీ నమ్మబుద్ధి కావడం లేదు. మందుల పెట్టె మోయలేక మొగిలయ్య మామ చేత మోయించుకున్నావట కదా. మీ ఆసుపత్రి జీపు నడిపే ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ఉత్తరం కూడా ఆయన చేతికే ఇస్తున్నాను, అందుకే కవరు గట్టిగా అంటించాను.

మీ ములుగు అడవిలో ఫోను పలకదు కాబట్టి మనకింకా ఉత్తరాలు రాసుకునే అలవాటు ఉంది. ఈసారి అదే మేలనిపించింది. ఫోనులో అయితే ఇది చెప్పేదాన్ని కాను.

నీ ప్రశ్నలకు ముందు జవాబులు. నీలం చీర జాకెట్టు ఇంకా టైలరు దగ్గరే ఉంది. కొత్త పాస్టరు గారి ప్రసంగం ఇప్పటికీ గంటన్నర. ఇక, "కృపమ్మ సిస్టర్ బిడ్డ కంప్యూటర్ల చెత్త ఎత్తుతదట గదా" అని మీ ఆశా వర్కర్ సమ్మమ్మ అడుగుతోందని రాశావు. నవ్వొచ్చింది.

చెత్త నేను ఎత్తనమ్మా, ప్రోగ్రామే ఎత్తుతుంది. మాది ఒక ల్యాబుల కంపెనీకి రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రాం. ఎవరైనా పరీక్షకు రక్తం ఇవ్వగానే వాళ్ల పేరు మీద మెమరీలో ఒక రిపోర్టు పుడుతుంది. అచ్చయి వాళ్ల చేతికి వెళ్లాక దానితో ఎవరికీ పని లేదు. అలాంటివాటిని ఊడ్చేయడానికి లోపల ఒక ఏర్పాటు ఉంటుంది. దాని నియమం ఒక్కటే, ఎవరైనా పట్టుకొని ఉన్నదాన్ని ముట్టదు. ఊడ్చకుండా మిగిలినవి పెరిగితే మెమరీ నిండి ప్రోగ్రాం ఆగిపోతుంది. ఏవి మిగిలాయి, ఎవరు పట్టుకుంటే మిగిలాయి అని చూడడం నా పని. సమ్మమ్మకు ఇదంతా ఎందుకనుకుంటే చెత్త ఎత్తుతుందనే చెప్పు, తప్పేం లేదు.

పోయిన నెలలో ప్రోగ్రాం కాస్త నెమ్మదించిందని ఫిర్యాదు వచ్చింది. నేనొక కాపలా పెట్టాను. పుట్టిన ప్రతి రిపోర్టునూ ఒక జాబితాలో చేర్చడం, పది నిమిషాలకోసారి అందులో ఎన్ని ఇంకా ఊడ్చకుండా ఉన్నాయో చూడడం. అదే సాయంత్రం, నా పక్క సీటులో కూర్చొని నా దగ్గరే పని నేర్చుకునే భరత్ రాసిన భాగం కూడా ప్రోగ్రాంలోకి ఎక్కింది. రిపోర్టులను అచ్చు వేసే భాగం అది. అప్పటినుంచి రెండు రోజులకోసారి ప్రోగ్రాం కూలబడడం మొదలైంది. పరగడుపున వచ్చి కౌంటర్ల ముందు నిలబడ్డ జనం తిట్లు లంకించుకున్నారు. నా జాబితా చూస్తే వేలకు వేలు రిపోర్టులు అలాగే ఉన్నాయి. అన్నీ భరత్ భాగం గుండా వెళ్లినవే. అచ్చు కావాల్సిన ప్రతిదీ అటునుంచే వెళ్తుందన్న సంగతి నాకు తట్టలేదు. తప్పు భరత్‌దని మేనేజరు సదానందం సార్‌కు మెయిల్ పెట్టాను. భరత్ ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. మొన్న సోమవారం అతన్ని పిలిచి, శుక్రవారం నీకు ఆఖరి రోజని చెప్పేశారు.

మంగళవారం అతని భాగం తీసేసి పాతదే పెట్టాం. అయినా లెక్క పెరుగుతూనే ఉంది.

చిన్నప్పుడు పోలియో చుక్కల రోజు నీ వెంట ఇల్లిల్లూ తిరిగేదాన్ని, గుర్తుందా? చుక్కలు పడ్డ ఇంటి తలుపు మీద సుద్దతో ఒక గుర్తు, పిల్లలు దొరకని ఇంటికి ఇంకో గుర్తు వేసేదానివి. ఆ గుర్తు ఎవరినీ ఆపదు. ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్లు పోతారు, నువ్వు వచ్చి చూసి, పోయారని రాసుకుంటావు. నేనూ గుర్తు మాత్రమే పెట్టాల్సింది. దానికి పద్ధతి ఉంది, అది నాకు తెలుసు కూడా. తొందరలో రిపోర్టులనే తెచ్చి జాబితాలో పెట్టాను. ఒక్కొక్కదాని చెయ్యి పట్టుకొని, నువ్వింకా ఎందుకు పోలేదని అడిగినట్టయింది. నేను పట్టుకున్నందుకే అవి పోలేదు.

ఇక్కడిదాకా రాయడం తేలికే అమ్మా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాత చేసింది మాత్రం పొరపాటు కాదు. ఎవరికీ చెప్పకుండా నా జాబితా తీసేశాను. గంటలో ప్రోగ్రాం కుదుటపడింది. భరత్ కోడ్ పోయింది కాబట్టి బాగుపడిందని అందరూ అనుకున్నారు. సదానందం సార్ నా దగ్గరికొచ్చి, "మంచిగ పట్టినవమ్మా" అన్నారు. శుక్రవారం టీం లీడ్ల పేర్లు వస్తాయని నాకు తెలుసు. అందుకే నోరు మెదపలేదు.

ఆ రోజులన్నీ భరత్ నా పక్కనే ఉన్నాడు. తన కోడ్ కాగితాల మీద అచ్చు తీసుకొని, పెన్నుతో గీతలు పెట్టుకుంటూ చదివాడు. గురువారం నన్ను అడిగాడు.

"అక్కా, ఏ లైన్ల తప్పు చేసిననో జర చూపిస్తవా? ఇంకోపారి చెయ్యకుంట ఉంట."

మీటింగ్ ఉందని లేచి వెళ్లాను. మీటింగ్ ఏమీ లేదు.

శుక్రవారం లీడ్ల పేర్లలో నా పేరు వచ్చింది. అదే సాయంత్రం భరత్ అందరికీ చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. నాకు సిగ్గేసింది. శనివారం సదానందం సార్ ఇంటికి పోయి ఉన్నదంతా చెప్పాను. "మంగళారమే చెప్పేదుండె గదా. ఆ పిలగానిది బతుకు గాదా?" అన్నారు. లీడ్ పదవి పోయింది, దానికి నాకు బాధ లేదు. సోమవారం నుంచి భరత్‌ను రమ్మనమని, నువ్వే పోయి చెప్పమని అన్నారు.

ఇవాళ చర్చి అయ్యాక హసన్‌పర్తిలో భరత్ వాళ్లింటికి పోయాను. ప్రవీణ్ బండి మీద దింపి సందు మొదట్లో ఆగాడు. ఎందుకొచ్చామో అతనికీ చెప్పలేదు. భరత్ వాళ్లమ్మ కళావతి గారు నన్ను చూడగానే లోపలికి పిలిచి కుర్చీ వేసింది, చాయ్ తెచ్చింది.

"మావోడు రోజు నీ ముచ్చటనే బిడ్డా. అక్క మంచిగనే నేర్పింది, తప్పు నాదే అంటాండు" అంది.

భరత్ లోపలి గదిలోంచి వచ్చాడు. చేతిలో ఆ కాగితాలే ఉన్నాయి. నేను లేచి నిలబడి, ఇద్దరికీ వినబడేలా ఉన్నదంతా చెప్పాను.

"అంటే నా కోడ్ మంచిగనే ఉన్నదా అక్కా?" అన్నాడు.

"మంచిగనే ఉంది."

"మంగళారం నుంచి నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

కళావతి గారు నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. అందులో ఇంకా సగం చాయ్ ఉంది. భరత్ కాగితాలు మడిచి పెట్టుకున్నాడు.

"సోమారం వస్త. గని నీ పక్కన కూసోను" అన్నాడు. ఈసారి అక్కా అనలేదు.

నీ ప్రశ్న ఒకటి మిగిలింది. నువ్వు పంపిన ఇప్పపువ్వు లడ్డూలు నా పక్క సీటు పిల్లవాడు తిన్నాడా అని అడిగావు. అతని వంతు విడిగా తీసి ఉంచాను, ఇవాళ తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టాను. నేను గడప దాటుతుంటే కళావతి గారు వెనకే వచ్చి డబ్బా నా సంచిలో పెట్టింది. తినలేదమ్మా. డబ్బా నా ఎదురుగానే ఉంది.

మొగిలయ్య మామ పొద్దున ఎనిమిదింటికి బయలుదేరతాడు. నన్ను తిట్టాలనిపిస్తే పూర్తిగా తిట్టి రాయి, తగ్గించి రాయకు.

ఇట్లు,
నీ బిడ్డ
ప్రియాంక