వెలుగు ఆర్పేసిన ఊట నీళ్లు

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ, "ఆ ఊట నీళ్లల్లో ఏటో ఉందే" అనేవాడివి. నీకు గాలి సోకిందన్నారు ఊళ్లోవాళ్లు.

ఈ పొద్దున యూనివర్సిటీ అమ్మాయి ఒకతె పెదబయలు మీదుగా మన కొండెక్కి వచ్చింది. కాఫీ తొక్కలతో చేసిన, కంటికి ఆనని రేణువులు కలిపిన నీళ్లను గాజు గొట్టంలో తెచ్చింది. దుప్పటి చాటున లైటు వేస్తే అవి నీలంగా మెరిశాయి. సీసమనే విష లోహం తగిలితే ఆ మెరుపు పోతుందని చెప్పి, మన ఊట నీళ్లు పోసింది. ఆరిపోయింది.

"ఇవి తాగొద్దవ్వా. కాచినా విషం పోదు," అంది మీ అమ్మతో.

"మరేటి తాగమంతావమ్మా?" అంది అత్త.

ఆ పిల్ల గాజు గొట్టాన్ని సంచిలో సర్దుకుంది.

బిందె పట్టుకుని కిందూరి బోరు దగ్గరికి పరిగెత్తాను. అది పాడైపోయి ఉంది. తిరిగొచ్చేసరికి మన గుంట, నీ కూతురు, బడి నుంచి వచ్చి దాహమంది. కాసేపు ఓర్చుకోమన్నాను. పెదాలు తడుపుకుంటూ మళ్లీ అడిగింది. ఆ ఊట నీళ్లే ముంచి, నా చేత్తోనే ఇచ్చాను మావా.

గడగడా తాగి, ఇంకొంచెం పొయ్యమంది.