తుస్సు పొట్టకు పొడి మందు

శనివారం

నిర్ణయం అయిపోయింది. తుస్సు పొట్ట ఈ నెలలో బాగుపడి తీరుతుంది.

కారణం రాసిపెట్టుకుంటున్నాను, రేపు నీరసం వస్తే చదువుకోవడానికి. ఈ ఉదయం ఆ కుక్క మా డ్రైక్లీనింగ్ దుకాణంలో, కొత్తగా వచ్చిన బట్టల బుట్టలోకి ఎక్కి, హాయిగా కునుకు తీసి, లేచేముందు కానిచ్చేసింది. బుట్టలో అన్నిటికన్నా పైన ఉన్నది హోటల్ మేనేజరు గారి సూటు. తెల్ల సూటు!

చన్నీళ్లు, మరకల పొడి, మెత్తటి బ్రష్షు, గంటసేపు మొక్కుబళ్లు. మరక పోయింది. నా చేతుల వాసన ఇంకా పోలేదు.

ఇది మొదటిసారి కాదు. వదిన పోయాక అన్నయ్య ఒక పెట్టె, ఒక కుక్కతో మా ఇంటికి వచ్చాడు. పెట్టె వల్ల ఏ ఇబ్బందీ లేదు. కుక్క పొట్ట మాత్రం ఒక రోజు బాగుంటే మూడు రోజులు బాగుండదు. వదిన దానికి పెట్టుకున్న పేరు చాలా గొప్పది. వెనకవైపు నుంచి వచ్చే చప్పుడును బట్టి మా ఆయన తుస్సు అన్నాడు. అదే నిలిచిపోయింది.

పశువుల డాక్టరమ్మ పురుగులేమైనా ఉన్నాయేమోనని పరీక్ష చేసింది. లేవు. ప్రోబయాటిక్ పొడి రాసిచ్చింది. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు అండగా ఇంకొన్ని మంచివాటిని పంపడమట.

"పొడి ఒక్కటే ఏమీ చెయ్యదమ్మా. ఉడికించిన కోడి మాంసం, అన్నం పెట్టండి. నెల రోజులు మీ కంచాల్లోంచి దానికేమీ వెళ్లకూడదు. మనుషుల తిండే దీని జబ్బు," అంది.

"మా ఇంట్లో ఎవరూ పెట్టరండీ," అన్నాను.

డాక్టరమ్మ కుక్క నడుం వైపు చూసింది.

మొదలు సోమవారం. మంచి పని ఆదివారం మొదలుపెడితే నిలవదు.

సోమవారం

మొదటి డోసు! పొగలు కక్కుతున్న కోడి అన్నంలో పొడి కలిపి పెట్టాను. గిన్నె కూడా మింగేస్తుందేమో అన్నంతగా నాకింది.

అందరినీ కూర్చోబెట్టి నియమాలు చెప్పాను. ఎవరి కంచంలోంచీ ఏదీ కిందకు "జారకూడదు". ఎవరి జేబులోనూ బిస్కెట్లు "మిగిలిపోకూడదు". అన్నయ్య తినే వేళకు కుక్క ముందు గదిలో ఉంటుంది, తలుపు గడియ వేసి ఉంటుంది.

మా ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "దానికి ఇంత రాజవైద్యమా! నాకు కడుపునొప్పి వస్తే వేణ్ణీళ్లు తాగమన్నావు," అన్నాడు.

అన్నయ్య మాత్రం తుస్సు తల నిమురుతూ, "పూర్తిగా మానిపించాలా చిట్టీ?" అన్నాడు.

"నెల రోజులే కదా అన్నయ్యా."

"సరేలే."

అన్నయ్య లిఫ్టుల మెకానిక్కు. మాటలు తక్కువ. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. చెప్పే విధంగా చెబితే ఎవరైనా వింటారు.

మంగళవారం

దేవుడా. ఆ వాసన!

కిటికీలన్నీ తెరిచాం. ఓవర్‌కోటు ఇవ్వడానికి వచ్చిన ఆవిడ గుమ్మంలోంచే మా ఆయన చేతికి విసిరేసి వెళ్లిపోయింది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"మొదట్లో కాస్త గ్యాసు ఉంటుంది. ఎంత వేస్తున్నారు?"

"మీరు రాసినంతే. నిండు చెంచా."

"మొదటి వారం సగం అని చెప్పాను కదమ్మా."

చెప్పింది. నిజమే. ఉత్సాహంలో మిగతా సగం నేనే కలిపాను.

బుధవారం

మా ఆయన తీరిగ్గా పొడి డబ్బా మీది అక్షరాలు చదివాడు. వేడి తిండిలో కలపకూడదట. వేడికి అందులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయట.

అంటే సోమవారం నుంచీ నేను కోట్లాది ప్రాణాలను ఉడకబెట్టి కుక్కకు పెడుతున్నాను.

"చచ్చినవాళ్లే ఇంత గ్యాసు చేశారంటే, బతికున్నవాళ్లను పంపితే మన గతేంటోయ్?" అన్నాడు మా ఆయన.

నవ్వలేదు. ఇకమీదట చల్లారాకే పొడి. అసలు లెక్క ఈ రోజు నుంచి.

శుక్రవారం

గట్టిగా వచ్చింది!!

ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. ఫోటో తీసి మా ఆయనకు పంపాను. ఆ సమయానికి భోజనం చేస్తున్నాడట. మిగిలింది కాకులకు వేశాడట.

సాయంత్రం అన్నయ్య పనినుంచి వచ్చాడు. తన అన్నం తాను పెట్టుకున్నాడు. మేమిద్దరం దుకాణం కట్టేసి లోపలికి వచ్చేసరికి తన భోజనం ఎప్పుడూ అయిపోయే ఉంటుంది, కంచం కడిగి బోర్లించి ఉంటుంది. తుస్సు మాత్రం ముందు గది తలుపును గోకుతూ కుయ్యోమంది. రోజూ అదే వేళకు అదే గోల. అలవాటు అలా పోతుందా? నేనేమీ కరగలేదు. మనసు రాయి చేసుకోకపోతే వైద్యం సాగదు.

సోమవారం

ఉడికిపోయినవాటినీ లెక్కేసుకుంటే ఒక వారం పూర్తయింది. మరకలు లేవు, వాసనలు లేవు. నిండు చెంచా మొదలుపెట్టాను. ఇంత కాలం ఎవరూ గట్టిగా పూనుకోకపోవడమే అసలు జబ్బని నాకు అర్థమైంది.

అన్నయ్య యూనిఫాం ఇస్త్రీ చేస్తూ మా ఆయన, "మీ అన్నయ్య ప్యాంటు నడుం దగ్గర ఈ ముడతలు చూశావా? బెల్టు బాగా లోపలికి బిగిస్తున్నాడు," అన్నాడు.

"ఆ గుడ్డ సాగే రకం," అన్నాను.

"గుడ్డ సంగతి నాకు చెబుతావేంటోయ్," అన్నాడు.

ఏదో ఒకటి అనకపోతే ఆయనకు ఇస్త్రీ సాగదు.

గురువారం

ఉదయం డోసు మరిచిపోయాను. ఒకేసారి నలుగురు పరదాలు తెచ్చి కుమ్మరించారు. ఒక పూట తప్పితే సూక్ష్మజీవులు అలిగి వెళ్లిపోతాయా?

మధ్యాహ్నం ఉరుములు. తుస్సు బల్ల కింద దూరి వణికింది. బిస్కెట్ పెట్టాను. బిస్కెట్ కూడా కాదు, ముక్క. అది తిండి కిందికి రాదు, ధైర్యం కిందికి వస్తుంది. ఇంకో ఉరుము ఉరిమింది. ఇంకో ముక్క.

మా ఆయన చేతిలోంచి గుడ్డులో సగం "జారింది". తిట్టాను. తిట్టే నోట్లో ఇంకా బిస్కెట్ వాసన ఉంది. ఎందుకంటే ఆఖరి ముక్క నేను తిన్నాను.

ఇవన్నీ రాయడం అవసరమా అనిపించింది. కానీ నిజాయితీ లేని డైరీ దండగ.

శుక్రవారం

ఈ రోజు మనసు బాగాలేదు.

పొద్దున తుస్సు పెరట్లో చెత్తబుట్ట పడేసి ఒక కవరు ఈడ్చుకొచ్చింది. మూడు ముళ్లు వేసిన కవరు. విప్పితే అన్నం, కూర, గుడ్డు. నిన్న సాయంత్రం అన్నయ్య కోసం మూతపెట్టి ఉంచిన భోజనం, పెట్టింది పెట్టినట్టు ఉంది. వేలు కూడా పెట్టలేదు.

ఒళ్లు మండింది. బూట్లు కట్టుకుంటున్న అన్నయ్య ముందు ఆ కవరు పెట్టాను.

"నా వంట అంత అన్యాయంగా ఉంటే నోరు విప్పి చెప్పొచ్చు కదా! ఇలా దొంగచాటుగా పారెయ్యడమెందుకు?"

"వంట బాగుంటుంది చిట్టీ."

"బాగుంటే చెత్తబుట్టకు పెడతావా?"

బూటు ముడి విప్పి మళ్లీ కట్టుకున్నాడు. పనిముట్ల సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు. టీ కూడా తాగలేదు.

రోజంతా ఆ మాటలే గుర్తొచ్చాయి. అన్నయ్య మాటలు కాదు, నావి. తుస్సుకు పొడి వేశానో లేదో తెలియదు.

శనివారం

మధ్యాహ్నం అన్నయ్యను తనతో పనిచేసే పెద్దాయన ఆటోలో తీసుకొచ్చాడు. అన్నయ్య ముఖం ఉతికిన గుడ్డలా తెల్లగా ఉంది.

"కంగారు పడకమ్మా," అంటూనే పెద్దాయన కంగారుగా చెప్పాడు. "లిఫ్టు పెట్టె మీద నిలబడి తాడుకు గ్రీజు పెడుతున్నాం. కళ్లు తిరిగి ఒరిగిపోయాడు. నడుముకు సేఫ్టీ బెల్టు తగిలించుకున్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే కింద ఏముందో నీకు తెలుసుగా."

తెలుసు. కింద ఏమీ ఉండదు.

ఆసుపత్రిలో అన్నీ చూశారట. గుండె బాగుంది, రక్తపోటు తక్కువ. కడుపులో ఏమీ లేదు. "భోజనం చేసి ఎన్నాళ్లయింది?" అని డాక్టరు అడిగితే, "చేస్తూనే ఉన్నానండీ," అన్నాడట.

మంచం మీద పడుకోబెట్టి పక్కన కూర్చున్నాను. మా ఆయన మజ్జిగ తెచ్చి తాగించి, ఆ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ఎందుకు తినడం లేదన్నయ్యా?"

పైకప్పు చూస్తూ చెప్పాడు.

"మీ వదిన పోయాక కంచం ముందు ఒక్కణ్నే కూర్చుంటే ముద్ద దిగదు చిట్టీ. ఈ కుక్క వచ్చి ఎదురుగా కూర్చునేది. నా నోటికేసి చూసేది. దానికో ముద్ద, నాకో ముద్ద. అలా కంచం అయిపోయేది. ఇప్పుడు అది తలుపవతల ఏడుస్తుంటే నేనెలా తింటాను?"

"ఆ మాట నాకు చెప్పొచ్చు కదా!"

"కుక్క లేకపోతే అన్నం సహించడం లేదని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నవ్వవూ?"

నేను నవ్వలేదు. మా ఆయన కూడా నవ్వలేదు. అంతకన్నా భయంకరమైన సంగతి ఇంకోటి లేదు.

లేచి వెళ్లి ముందు గది గడియ తీశాను. తుస్సు నా కాళ్లను తోసుకుంటూ పోయి మంచం పక్కన కూర్చుంది. అన్నం, గుడ్డు కూర పెట్టి కంచం అన్నయ్య చేతికిచ్చాను. దానికో ముద్ద. ఆయనకో ముద్ద. నేను చూస్తూనే ఉన్నాను. కంచం ఖాళీ అవుతుంటే నేనే ఇంకా వడ్డించాను. దానికి రొట్టె ముక్క కూరలో ముంచి పెట్టింది కూడా నేనే.

నిర్ణయం సంగతా? అడగొద్దు.

ఆదివారం

అడగకపోయినా తుస్సు చెప్పింది. హాల్లో, గుమ్మంలో, మా ఆయన ఎడమ చెప్పులో.

అన్నయ్య లేస్తానంటే వద్దని నేనే తుడిచాను. తర్వాత డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. బిస్కెట్ ముక్కలతో సహా. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"కుక్కకు మీ అన్నయ్యగారి తిండి పెట్టొద్దన్నానమ్మా. మీ అన్నయ్యగారి దగ్గర కూర్చోవద్దనలేదు కదా?"

"అంటే?"

"దాని గిన్నె ఆయన కంచం పక్కనే పెట్టండి. దాని ముద్ద దాని గిన్నెలోంచి, ఆయన ముద్ద ఆయన కంచంలోంచి. ఎవరి తిండి వారిది, తోడు ఇద్దరికీ. పొడి మళ్లీ సగం చెంచాతో మొదలుపెట్టండి."

ఫోన్ పెట్టేశాను. ఇంత చిన్న సంగతి తట్టలేదు. గడియ వెయ్యడం మాత్రం వెంటనే తట్టింది.

"ఇంకో సంగతి," అన్నాడు మా ఆయన, చెప్పు కడుగుతూ. "ఆయనకు కుక్క ఎందుకు తోడైంది? మనం దుకాణం కట్టేసి వచ్చేసరికి ఆలస్యం అవుతోంది కాబట్టి. ఆ వేళకు ఇస్త్రీకి వచ్చేవాళ్లు ఎవరున్నారోయ్?"

ఎవరూ ఉండరు. ఊరికే కూర్చుంటాం.

సోమవారం

మళ్లీ మొదలు. ఈసారి పకడ్బందీగా.

దుకాణం పెందలాడే కట్టేశాం. అన్నయ్యకు ఇంకో రెండు రోజులు సెలవు. ముగ్గురం నేల మీద కూర్చున్నాం. అన్నయ్య కుడిపక్కన తుస్సు గిన్నె. అందులో చల్లారిన కోడి అన్నం, సగం చెంచా పొడి. డాక్టరమ్మ చెప్పిన ప్రకారం ఉప్పు, కారం ఏమీ లేవు. అన్నయ్య ముందు కంచంలో మా అందరికీ వండిన కూర, అన్నం.

దానికో ముద్ద గిన్నెలోంచి. ఆయనకో ముద్ద కంచంలోంచి. చాలా చక్కగా సాగింది. కళ్లు తిప్పకుండా కాపలా కాశాను.

అంతలో మా ఆయన, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు లోపల ఏం చేస్తుంటారని అడిగాడు. అన్నయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ఒక పెళ్లికొడుకు, ఒక గుమాస్తా, పుచ్చకాయ మోసుకొచ్చిన ఒకాయన, మూడు గంటలు. తలుపు తెరిచేసరికి పుచ్చకాయ లేదట, పెళ్లికొడుకు చొక్కా ఎర్రగా ఉందట. అన్నయ్య ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో. చేతులు తిప్పుతూ చెబుతున్నాడు, ముద్దలు కలుపుతున్నాడు, తుస్సు నోరు తెరుస్తోంది. మేం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాం.

ఉన్నట్టుండి అన్నయ్య నమలడం ఆపాడు. ముఖం చిట్లించాడు.

"కూరలో ఉప్పు లేదేంటి చిట్టీ? చప్పగా చచ్చింది."

గిన్నె చూశాను. ఖాళీ. కంచం చూశాను. ఖాళీ. తుస్సు మూతికి కూర రసం అంటుకుని ఎర్రగా మెరుస్తోంది.

మా ఆయన నాకేసి చూశాడు. నేను ఆయనకేసి చూశాను.

"రేపు సరిగ్గా వేస్తాలే అన్నయ్యా," అన్నాను.

"వెయ్యి. ఇంకాస్త అన్నం పెట్టు," అన్నాడు.

పెట్టాను. నెల రోజుల లెక్క రేపటి నుంచి.