రేవులో గాజుల చప్పుడు

తాడేపల్లిగూడెం, కార్తీక మాసం, గురువారం రాత్రి

ఆయన పక్క గదిలో నిద్రపోతున్నారు. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

అత్తయ్యగారికి మోటారు బస్సు వాసన పడదని, ఏలూరు వెళ్లడానికి పొద్దువాలే వేళ పడవల రేవుకి బయలుదేరాం. ఆయనకు చూపు మందగించిన సంగతి ఆవిడకు తెలియనివ్వలేదు. మేమిద్దరమే వెళ్తే నేను ముందు నడుస్తాను, నా గాజుల చప్పుడును బట్టి ఆయన వెనక వస్తారు. ఇవాళ అత్తయ్యగారి ఎదుట భర్తకన్నా ముందు నడవడానికి జంకి వెనకపడ్డాను. పడవకు వేసిన బల్ల మీద ఆయన సగం దాకా వెళ్లారు. నేను ఒడ్డున కుచ్చెళ్లు సర్దుకున్నాను. గాజులు మోగాయి. ఆయన ఆ చప్పుడు వైపు తిరిగి అడుగు వేశారు. అక్కడ బల్ల లేదు.

పడవవాళ్లు జుట్టు పట్టుకుని లాగారు. "గాజులు వెనక వినపడ్డాయేమిటే" అని మాత్రం అన్నారాయన.

ప్రయాణం మానుకుని ఇంటికొచ్చేశాం. తిట్లకు సిద్ధపడే ఉన్నాను. అత్తయ్యగారు వంటింట్లోకి పిలిచి, "ఎప్పట్నించమ్మా?" అన్నారు.

"రెండేళ్లయిందండీ."

"మీ మామగారికీ ఇంతే. సాయంత్రమైతే కంటికి ఏమీ ఆనేది కాదు. నేను వెనకే నడిచేదాన్ని."

మామగారు స్నానానికి దిగి కాలువలో మునిగిపోయారనే ఇన్నేళ్లూ నాకు చెప్పారు. ఆవిడ బోసి చేతులు చాలాసేపు నా గాజుల మీదే ఉన్నాయి.