దవడకు దాచిన గమ్ము

పోశవ్వా, బిడ్డ ఇంట్లో బాగున్నాను, ఫికర్ చేయకు. పుచ్చిన రెండు దవడ పండ్లకు డాక్టరమ్మ సిమెంటు పెట్టింది. పుచ్చు ఆగకుంటే పీకాలంది. తంబాకు మాన్పించి, బ్రష్షుతో పాటు చక్కెర లేని చూయింగ్ గమ్ము ఇచ్చింది. తియ్యగానే ఉంది గానీ, ఆ తీపి పంటి పురుగుకు తిండి కాదట. బొగ్గుబాయిలో పని చేసినప్పుడు తంబాకు పెట్టుకున్నట్టే దాన్ని దవడకు దాచి, ఉమ్ముతూ కూర్చున్నాను. ఆమె ఒకటే నవ్వు.

"గట్ల దాస్తె ఎట్ల తాతా? నమలాలె. ఊరిన ఉమ్మే పండ్లను కడుగుతది, మింగు!"

నెల రోజులు, అన్నం తిన్న ప్రతిసారీ నమిలాను. నిన్న చూసి పీకేది లేదంది. నీకూ ఒక పాకెట్ తెస్తాను. కుక్కకు అందనియ్యకు, దానికి విషమట. నా తంబాకు డబ్బాలో మెంతులు పోసుకో. చేనులో మక్కలు పాలు పట్టాయా? నాకు రెండు కంకులు ఉంచు. ఈసారి గింజలు ఒలిచి దంచకు, కాల్చి ఇస్తే చాలు. పిల్లలకు దీవెనలు.

ఓదెలు, గోదావరిఖని