విశాఖలో నీ చేతులు

సుందరీ,

నీ సంవత్సరీకం పెట్టిన మర్నాడు విశాఖ వెళ్ళాను. తుఫానులో పోయినవాళ్ళ గుర్తుగా, కొత్తపేటలో విగ్రహాలు చేసే మీ బావ చేత సముద్రం ఒడ్డున ఒకటి చేయించారు. తలా మొండెమూ లేవు. దోసిలి పట్టిన రెండు ఆడ చేతులే, మనిషెత్తున. దాని మీద ఊరంతా తగవు. తీసెయ్యాలని సంతకాలు పెట్టిస్తున్నారు.

"దండ వెయ్యడానికి మెడైనా లేదు, ఇదేం విగ్రహమండీ? గాజుల కొట్టు బోర్డులా ఉంది," అన్నాడు కాగితం పట్టుకున్నాయన.

నాకు నవ్వు రాలేదు. ఎడమ చిటికెన వేలు బయటికి వంగి ఉంది. అవి నీ చేతులు.

నీకూ మీ బావకీ పెళ్ళి అనుకుని మానుకున్నారని నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నిన్ను ఒక్క మాట అడగలేదు. కానీ ఆ గోళ్ళూ, అరచేతి గీతలూ చూస్తుంటే, ఎంతసేపు పట్టుకుని చూస్తే ఇంత గుర్తుంటుందా అనిపించింది. కాగితం అందుకుని పెన్ను తీశాను.

అప్పుడే మీ బావ వచ్చాడు.

"మీరూ పెట్టేసేరా అన్నయ్యగారూ?"

"ఇంకా లేదండీ."

"పోనీలెండి. మీకైతే తెలుస్తుంది కదా, ఎక్కడన్నా తేడా ఉంటే చెప్పండి. రంగు వెయ్యకముందే దిద్దేస్తాను."

మన పెళ్ళయిన ఏడాది గంజి వార్చబోయి కాల్చుకున్న మచ్చ నీ కుడి మణికట్టు మీద ఉండేది. విగ్రహానికి అది లేదు.

"ఆయ్, ఏం తేడా లేదండీ," అని కాగితం తిరిగి ఇచ్చేశాను.